సార్ డ్యూటీ ఎప్పుడండీ?

ఏప్రిల్ 18

ఈ వీధిలో తలుపులు కనబడవు. గేటు, గేటు వెనక గ్రిల్లు, గ్రిల్లు వెనక దోమల జాలీ, దాని వెనక ఎక్కడో ఒక తలుపు. ఎవరింట్లో ఏ కూర తిరగమోత పెట్టారో వాసన కూడా బయటికి రాదు. పాలవాడితో తప్ప ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. వాడితో మాత్రం ఏం మాట్లాడతాను, అర లీటరు చాలన్నాను.

ఆయన ఉండగా అర్పా నది దాటి ఈ ఒడ్డుకి ఎప్పుడొచ్చాం? ఏ పెళ్ళికో, పేరంటానికో. ఆయన పోయాక రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు, చేశాను. గార్డు రమణబాబు పెళ్ళాన్ని అని బోర్డు పట్టుకుని కూర్చుంటే ఉండనిస్తారా! పిల్లా జెల్లా లేనిదాన్ని, నాకు రెండు గదులు చాలు. ఇల్లు బాగానే ఉంది. గాలి వస్తుంది. బాగానే ఉంది.

ఏప్రిల్ 22

రామాలయంలో నా చెప్పులు ఎవడో తన్నేశాడు. ఒకటి మెట్ల కింద, ఒకటి కుళాయి దగ్గర. "ఎవడ్రా నీకు కళ్ళు నెత్తికెక్కాయా" అని పైకే అనేశాను. వెనకనుంచి ఒకాయన "మీరు తెలుగువారా!" అన్నారు. జానకిరామ్ గారట, బొగ్గు కంపెనీలో ఇంజనీరు, ఉండేది మా వీధిలోనే. ఈ ఒడ్డున సర్కండాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ వాట్సాప్‌లో ఒక గ్రూపు నడుపుతున్నారట. నన్నూ చేరుస్తానన్నారు. నెంబరు తీసుకున్నారు. ఏ ఇల్లు అన్నారు, వీధి చివరిల్లు అన్నాను. "అచ్ఛా, చివరింటి ఆంటీ" అని ఫోన్లో రాసుకున్నారు.

పేరు అడగలేదు. హడావిడిలో ఉన్నారు పాపం.

ఏప్రిల్ 29

వెనక వీధిలో పట్టపగలు దొంగతనం. ఇంటివాళ్ళు మస్తూరీలో పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి బీరువా బార్లా తెరిచి ఉందట. గ్రూపులో పొద్దుటినుంచి అదే మోత.

జానకిరామ్ గారు పెద్ద మెసేజ్ పెట్టారు. ఊరెళ్ళేటప్పుడు వీధిలో ఒకరికి చెప్పి వెళ్ళండి. పార్సిల్ అంటూ ఎవరొచ్చినా గేటు తియ్యకండి. మంచినీళ్ళడిగితే గ్రిల్లు సందులోంచి ఇవ్వండి. ఇంట్లో మగవాళ్ళు ఎప్పుడు వెళ్ళి ఎప్పుడు వస్తారో కొత్తవాళ్ళకి చెప్పకండి. అన్నీ మంచి మాటలే. ఆ చివరి మాటకి మాత్రం నవ్వొచ్చింది. మా రైల్వే కాలనీలో అసలు పలకరింపే అది. బాగున్నారా అని ఎవరడుగుతారు? "డ్యూటీ ఎప్పుడు? లైన్లో ఉన్నాడా, రెస్టా?" అనే అడుగుతారు. రాత్రి బండి పనిచేసి వచ్చినవాడు పడుకున్నాడంటే పక్కింట్లో రోలు చప్పుడు ఆగిపోవాలి, పిల్లలు వెనక పెరట్లోకి పోవాలి. మొగుడు నైట్ డ్యూటీకి వెళ్ళాడంటే ఆ ఇంటికి ఎవరో ఒకరు చాప పట్టుకుని తోడు పడుకోవడానికి వెళ్ళాలి. డ్యూటీ అడగకపోతే ఆ మనిషికి మన మీద కోపమొచ్చిందని అర్థం.

దొంగలకి చెప్పొద్దన్నారు, సరే. నాలాంటిదానికి చెబితే ఏం పోయింది?

మే 2

గ్రూపులో లేనివాళ్ళ సంగతి ఏమిటి? ఇదే ఆలోచన పొద్దున్నుంచీ. వెనక వీధి అపార్టుమెంటులో పేర్ల బోర్డు మీద తెలుగు పేర్లు చూశాను. వాళ్ళకి దొంగతనం సంగతి తెలుసో తెలియదో. చెప్పడం మన ధర్మం. ఎండ మండిపోతోంది, ముఖానికి స్కార్ఫు చుట్టుకుని ఆయన నల్ల గొడుగు వేసుకుని వెళ్ళాను.

ఒకావిడ జాలీ లోపలినుంచే "జీ, బోలియే" అని హిందీలో అంది. తెలుగులో చెప్పాను. విని, థాంక్యూ అని లోపలికి వెళ్ళిపోయింది. ఇంకొకరు అసలు రాలేదు. లోపల మిక్సీ మాత్రం ఆగింది.

మూడో అంతస్తులో ఓంకార్ అని బోర్డు. ఒక చిన్నపిల్ల వచ్చింది, చిన్నపిల్లంటే పాతికేళ్ళుంటాయి, కడుపుతో ఉంది. తేజస్వి అట పేరు. కరీంనగర్ వైపు. "ఎవరు కావాలె ఆంటీ?" అంది. ఎంత ముద్దుగా అందో! దొంగతనం గురించి చెప్పాను. సార్ డ్యూటీ ఎప్పుడమ్మా అన్నాను. పవర్ ప్లాంటులో షిఫ్టులట. షిఫ్టు! షిఫ్టు అన్నాక ఇంకేం కావాలి, మనవాళ్ళే! ఈ వారం నైటా, డేనా, రాత్రిళ్ళు ఒక్కదానివే ఉంటావా అని అన్నీ అడిగి తెలుసుకున్నాను. "మీరెక్కడుంటరు?" అంది. రైల్వే కాలనీ అని నోటివెంట వచ్చేసింది. ఏళ్ళ అలవాటు మరి.

గ్రిల్లు సందులోంచి మంచినీళ్ళు ఇచ్చింది. స్కార్ఫు కాస్త ఎత్తి తాగాను, చల్లగా ఉన్నాయి.

మే 3

ఎక్కడికీ వెళ్ళలేదు. ఎవరూ రాలేదు.

మే 9

ఎండకి మళ్ళీ స్కార్ఫు చుట్టుకుని తేజస్వికి చింతకాయ పచ్చడి తీసుకెళ్ళాను. కడుపుతో ఉన్న పిల్ల, పుల్లపుల్లగా తినాలనిపిస్తుంది. "వద్దాంటీ, డాక్టరు ఉప్పు తగ్గియ్యమన్నడు" అంది. డాక్టర్లకేం, అన్నీ వద్దంటారు. ఈ వారం మీవాడికి నైటే కదమ్మా, తోడు పడుకోవడానికి రానా అన్నాను. "అక్కర్లేదాంటీ" అని గబగబా తలుపేసుకుంది. మొహమాటం పిల్లకి. రెండుసార్లు అడిగితేగాని ఒప్పుకోని రకం.

మే 11

అప్పయమ్మ ఫోన్ చేసింది. పక్క క్వార్టరులో ఉండి, ఆ గోడకీ ఈ గోడకీ కంత చేసుకుని కూరలు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళం. ఆవిడ కొడుకు చిరంజీవి రైలింజన్ల షెడ్డులో పని చేస్తున్నాడు కాబట్టి ఆవిడకి క్వార్టరు ఉంది.

"ఏటే నీలమ్మా, మమ్మల్ని మరిసిపోనావేటి? ఎలగున్నావు?"

"నాకేం, మహారాణిలా ఉన్నాను. ఇక్కడ అందరూ పెద్ద పెద్ద ఉద్యోగస్తులే. ఒక్క పూట ఇంట్లో ఉండనివ్వరు, టీకి రమ్మంటారు, కబుర్లకి రమ్మంటారు."

"అయితే మంచిదే. ఓపాలి నానొచ్చి నీ వైభోగం సూసెల్తాను."

"ఈ ఎండల్లోనా? వానలు పడనీ" అన్నాను. నువ్వే రావచ్చు కదే అంది. మోకాలు నొప్పి అన్నాను. నిజంగానే నొప్పి. మా క్వార్టరులోకి ఎవరో వచ్చారట, పెరట్లో మునగచెట్టు ఉంచారట. అది చూడటానికి మోకాలు అస్సలు సహకరించదు.

మే 15

తేజస్వి తలుపు తియ్యలేదు. లోపల టీవీ మోగుతోంది. నిద్రపోయి ఉంటుంది, నెలలు నిండుతున్నాయి కదా.

మే 17

గ్రూపులో ఫోటో.

పైనుంచి తీసింది. గొడుగు, స్కార్ఫు, చేతిలో సంచీ. గ్రూపులో కొత్తగా చేరినట్టుంది, కింద తేజస్వి రాసింది. "అందరికీ జాగ్రత్త. ఈమె మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. తెలుగులో మాట్లాడుతుంది కాబట్టి మన మనిషే అనుకుంటాం. రాగానే అడిగే మాట, సార్ డ్యూటీ ఎప్పుడు అని. రాత్రి ఒక్కదానివే ఉంటావా, తోడు పడుకుంటాను అంటుంది. రైల్వే కాలనీ అని చెప్తుంది. నాకు భయంతో నిద్ర పడతలేదు."

దాని కింద ఇరవై ముప్పై మంది దండాలు, కోపం బొమ్మలు. ముందు మనిషిని పంపి ఆనవాలు పట్టిస్తారు, తరవాత ముఠా వస్తుంది అని ఎవరో రాశారు. మళ్ళీ వస్తే ఆపి ఉంచండి, నాకు ఫోన్ చెయ్యండి అని జానకిరామ్ గారు.

ఆ ఫోటోలో నేను అంత లావుగా ఉన్నానా?

మే 18

గొడుగు అటక మీదికి విసిరేశాను. ఎండ తగ్గింది.

మే 21

కూరలకి వెళ్ళొస్తూంటే ఎదురింటి గేటు తెరుచుకుంది. శాంతాదేవి గారు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. నేను వచ్చిన దగ్గర్నుంచి తల ఊపడమే తప్ప నోరు విప్పిన మనిషి కాదు. అలాంటి మనిషి నా చెయ్యి పట్టుకున్నారు. "బయట నిలబడకండి, లోపలికి రండి. ఫోటో చూశారా?" అన్నారు.

అయిపోయింది, పట్టేసింది అనుకున్నాను. సోఫాలో కూర్చోబెట్టారు. "మీరు ఒక్కరే ఉంటారు, అందులోనూ చివరిల్లు. నాకు మీ గురించే బెంగగా ఉందండీ. ఆ గొడుగావిడ వస్తే పొరపాటున కూడా తలుపు తియ్యకండి, సరేనా?"

సరేనన్నాను. టీ ఇచ్చారు. యాలకులు వేసిన టీ. పల్లీ చిక్కీ పెట్టారు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులట, నాకూ అన్నాను. వాళ్ళాయన గురక గురించి చెప్పి నవ్వించారు. నవ్వి నవ్వి నాకు పొలమారింది. ఇల్లు మారిన దగ్గర్నుంచీ నేను నవ్వలేదని అప్పుడు తెలిసింది.

లేస్తూంటే అడిగారు. "మీకెప్పుడూ కనబడలేదా ఆవిడ?"

"కనబడింది" అన్నాను. ఎందుకన్నానో! ఆవిడ మళ్ళీ కూర్చున్నారు. నన్నూ కూర్చోబెట్టారు. మొన్న గతౌరా వైపు వెళ్ళే ఆటో ఎక్కుతూంటే చూశానన్నాను. ఇంకో కప్పు టీ వచ్చింది.

దీనివల్ల ఎవరికి ఏం నష్టం? ఆ గొడుగావిడ ఇక రాదు. రాని మనిషి గురించి ఏం చెప్పుకుంటే ఏం!

మే 26

జానకిరామ్ గారు స్వయంగా ఇంటికొచ్చారు, భార్యతో సహా. "ఆంటీ, మీరే ప్రత్యక్షంగా చూసినవారు." ఎత్తు, రంగు, మాట తీరు అడిగారు. కాస్త పొడుగు అన్నాను, చామనచాయ అన్నాను. మాట మా ఉత్తరాంధ్ర యాసేనా అంటే, అవునని ఒప్పుకున్నాను. నిజమే కదా మరి.

మే 30

శాంతాదేవి గారింట్లో టీ. నిన్న కూడా.

జూన్ 5

తేజస్వి వాళ్ళ అపార్టుమెంటులో మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు. స్కార్ఫు లేకుండా, గొడుగు లేకుండా, మంచి చీర కట్టుకుని వెళ్ళాను. ఆ పిల్ల ఎదురుగా కూర్చుంది. పొట్ట బాగా ఎత్తుకొచ్చింది. నన్ను చూసింది, నమస్తే ఆంటీ అంది, అంతే. రెండుసార్లు మాట్లాడిన మనిషిని ముఖానికి గుడ్డ లేకపోతే గుర్తుపట్టలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. సంతోషించాను.

మళ్ళీ చూశారా అని అందరూ నావైపు తిరిగారు. మొన్న కొట్టు దగ్గర కనబడింది అన్నాను. అందరూ నా మాటే వింటున్నారు. ఆయన ఉన్న రోజుల్లో కూడా నా మాట ఇంతమంది విన్నది లేదు.

జూన్ 9

అప్పయమ్మ ఫోన్. ఎత్తలేదు, శాంతాదేవి గారింట్లో ఉన్నాను. తరవాత చెయ్యాలి.

జూన్ 12

చెయ్యాలి.

జూన్ 16

పెద్ద వాన. తలనొప్పి. రాయడానికి ఏమీ లేదు.

జూన్ 17

నేను కాపాడాను. ముందు అది రాస్తాను. నేను ఆ మాట చెప్పకపోతే పోలీసుల్ని పిలిచేవాళ్ళు.

నిన్న మధ్యాహ్నం జానకిరామ్ గారు ఫోన్ చేశారు. "ఆంటీ, దొరికింది! వెంటనే రండి, మీరే గుర్తుపట్టాలి." దొరకడమేమిటి! ఆ గొడుగావిడని నేను కదా! పిచ్చిదానిలా వానలో పరిగెత్తాను. తేజస్వి వాళ్ళ అపార్టుమెంటు గేటు దగ్గర అందరూ ఉన్నారు. మధ్యలో వాచ్‌మన్ కుర్చీలో అప్పయమ్మ.

తడిసి ముద్దయింది. పక్కన నల్ల గొడుగు. సంచీ టేబులు మీద కుమ్మరించారు. ఎండు నెత్తళ్ళ పొట్లం, మునక్కాయలు. మునక్కాయలు మా పెరట్లోవి, చూడగానే తెలిసింది. చేపల వాసనకి వాచ్‌మన్ ముక్కు మూసుకుని నిలబడ్డాడు.

"ఒక్కో ఇంటికీ వెళ్ళి అదే మాటండీ, బాబు డ్యూటీకెళ్ళాడా అని!" అన్నారు శాంతాదేవి గారు. "ఎవరో నీలమ్మ ఇంటికొచ్చిందట. ఈ చుట్టుపక్కల నీలమ్మ ఎవరండీ? అన్నీ కట్టుకథలు. ఆ నీలమ్మ ఫోన్ కూడా ఎత్తడం లేదట!"

ఎవరికీ తెలియదు. ఇన్నాళ్ళు వాళ్ళ టీలు తాగాను, సోఫాల్లో కూర్చున్నాను. ఒక్కరూ నా పేరు అడగలేదు. నేను చివరింటి ఆంటీని.

అప్పయమ్మ నన్ను చూసింది. ముఖం వెలిగిపోయింది. కుర్చీలోంచి లేవబోయింది, నోరు తెరిచింది. నేనే ముందు మాట్లాడాను. "ఈవిడ కాదండీ. నేను చూసినావిడ పొడుగు." అంతా కాస్త వెనక్కి తగ్గారు. అక్కడితో అయిపోయేది. జానకిరామ్ గారు ఊరుకోవచ్చు కదా! "మరి ఈవిడ మీకు తెలుసా ఆంటీ?" అన్నారు.

శాంతాదేవి గారు చూస్తున్నారు. తేజస్వి చూస్తోంది. తెలుసంటే, ఎలా తెలుసు అంటారు. రైల్వే కాలనీ అనాలి. ఆ నీలమ్మని నేనే అనాలి. ఆ తరవాత డ్యూటీ అడిగినది ఎవరో కూడా బయటికి వస్తుంది. ఆలోచించడానికి టైమెక్కడుంది? అందరూ నా నోటివైపే చూస్తున్నారు.

"తెలీదు" అన్నాను.

అప్పయమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. నెమ్మదిగా మునక్కాయలు సంచీలోకి ఏరుకుంది. "మీరెవులో నాకూ తెల్దమ్మా. తప్పు సందుకొచ్చీసినట్టున్నాను, ఎల్లిపోతాను బాబూ" అంది. ఆటోలో జానకిరామ్ గారే ఎక్కించారు. మంచి మనిషి, డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు.

అది అబద్ధమేమీ కాదు. ఆవిడ కాదని నిజమే చెప్పాను. ఆవిడ కాదు కదా.

జూన్ 18

శాంతాదేవి గారు ఉల్లి పకోడీలు వేసి పిలిచారు. మీ మనసు మంచిదండీ, ఇంకొకరైతే పట్టించేసేవారు అన్నారు. చేతిలోకి తీసుకున్న పకోడీ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను. వాన వాన అంటూ వచ్చేశాను.

అప్పయమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూన్ 19

ఎత్తలేదు.

జూన్ 22

మోకాలు ఏమీ నొప్పి పెట్టలేదు. ఆటో దిగి మా పాత క్వార్టర్ల లైన్ వెంబడి నడిచాను. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. మా క్వార్టరుకి నీలం రంగు వేశారు. చూశాను, ఏమీ అనిపించలేదు. అంతకన్నా పెద్ద బెంగ ఇంకొకటి ఉంటే ఇది ఏపాటి!

అప్పయమ్మ తలుపు తీసే ఉంది. ఎప్పుడూ తీసే ఉంటుంది. గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తిడుతుందనుకున్నాను. దారి పొడుగునా ఆవిడ తిట్లన్నీ నాలో నేనే తిట్టుకుంటూ, వాటికి జవాబులు వెతుక్కుంటూ వచ్చాను. చేట ఎత్తి నెత్తిన కొట్టినా సరేననుకున్నాను.

తలెత్తి చూసి, "రండమ్మా, కూకోండి" అంది.

కుర్చీ వేసింది. ఆ ఇంట్లో నేను ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు, గుమ్మంలో ఆవిడ పక్కన కూలబడటమే. మంచినీళ్ళు గ్లాసులో తెచ్చి, కింద చెయ్యి పెట్టి మర్యాదగా ఇచ్చింది. ఊళ్ళో కొత్తవాళ్ళకిచ్చినట్టు.

"ఏటే అప్పయమ్మా, నన్ను రండమ్మా అంటావేటి?" అన్నాను.

"మరేటంటాను? తెలీనోల్లని అలగే అంటారు కదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. బియ్యంలో రాయి ఏరి పక్కన పడేసింది.

చెప్పాను. గొడుగు, ఫోటో, టీలు, అన్నీ చెప్పాను. ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను, మాట్లాడే మనిషి లేక పిచ్చెక్కిపోతోంది, అందుకే ఇలా తగలబడ్డాను అన్నాను. ఏడ్చాను. గుమ్మంలో అందరూ చూస్తుండగా భోరున ఏడ్చాను. లేచి దగ్గరికి వస్తుందనుకున్నాను. నేను నీలమ్మనే, నీ నీలమ్మనే, ఒక్కసారి నావైపు చూడవే అన్నాను.

చేట పక్కన పెట్టి చూసింది. ఆవిడ కళ్ళలో కూడా నీళ్ళున్నాయి, నేను చూశాను.

"నీలమ్మ మా పక్కింట్లో ఉండీదమ్మా" అంది. "మంచి మనిషి. ఎవులొచ్చినా తలుపు తీసీది. అర్పా దాటి ఎల్లిపోనాది, మరి జాడ లేదు. ఎక్కడైనా కనబడితే, అప్పయమ్మ అడిగిందని సెప్పండి."

చెబుతానన్నాను.